తలుపు తట్టని రాక

గడపకు పసుపు పూసి బొట్టు పెట్టుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. గడప యనగా ఇంటికిని వీధికిని నడుమ నున్న పొలిమేర. ఈవల ఇంటివారి అధికారము, ఆవల లోకము. వచ్చినవారు గడప వెలుపల నిలిచి, పిలిచి, లోపలినుండి బదులు వచ్చిన పిమ్మటనే అడుగు పెట్టుట మర్యాద. ఈ మర్యాద రాజభటునికిని వర్తించునా యను ప్రశ్నమీద లోకమున నాలుగు వందల ఏండ్లకు పైగా వాదములు జరుగుచున్నవి.

నేడు ఆ గడప ప్రక్కన, తలుపునకు కొంచెము పైని, ఒక చిన్న గాజుకన్ను వెలసినది. దొంగల భయముచే గృహస్థు తన సొమ్ము వెచ్చించి పెట్టుకొన్న కెమెరా అది. రాత్రింబవళ్లు చూచుచుండును, చూచినదానిని దాచుచుండును. ఆ దాచిన చిత్రములను పోలీసువారు ఎప్పుడు, ఏ విధమున, ఎవరి అనుమతితో చూడవచ్చును? ప్రశ్న క్రొత్తది, దాని వేళ్లు మాత్రము చాల పాతవి. ఆ వేళ్ల జాడ పట్టి కొంత వెనుకకు పోయి చూతము.

గృహస్థుని కన్నును రాజ్యమునకు ఉపయోగించుకొనవలెనను ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గూఢచారుల తెగలు వర్ణింపబడినవి. తాపసుని వేషమున నుండువాడు, వర్తకుని వేషమున నుండువాడు మొదలగువారితోపాటు గృహపతికుడు, అనగా గృహస్థు రూపమున నుండు చారుడును వారిలో కలడు. నగరపాలనమును గూర్చిన ప్రకరణములో, ఇన్ని కుటుంబములకు ఒకడు చొప్పున గోపుడను ఉద్యోగి యుండి, ఆ ఇండ్లలోని జనమును, వారి వృత్తులను, ఆదాయ వ్యయములను తెలిసికొనవలెనని యున్నది. తన ఇంటికి వచ్చినవారిని గూర్చియు, తన ఇంటినుండి పోయినవారిని గూర్చియు గృహస్థు స్వయముగా తెలియజేయవలెను. తెలుపనిచో ఆ రాత్రి జరిగిన నేరములో అతడును దోషియగును. చూచి చెప్పుట ఇచ్చట గృహస్థుని ఇష్టము కాదు, విధి. అడుగకమునుపే చెప్పవలెను.

ఇంగ్లండు దేశమున ఈ కథ మరియొక త్రోవ పట్టినది. 1604లో సెమెయిన్ వ్యాజ్యమని పేరుపొందిన తగవులో ఒక తీర్పు వెలువడినది. ఎవరి ఇల్లు వారికి కోట యని ఆ తీర్పు చెప్పినట్లు పలువురు ఎరుగుదురు. కాని అందు అంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. రాజు పక్షమున వచ్చిన అధికారి, అవసరమైనచో, తలుపు పగులగొట్టియైనను లోపలికి పోవచ్చును. అయితే అంతకుముందు తాను వచ్చిన పని యేమో చెప్పి, తలుపు తీయుమని అడుగవలెను. ఇందు మూడు మెట్లున్నవి: పిలుచుట, పని చెప్పుట, బదులు కొరకు నిలుచుట. కోటగోడల యెత్తుకన్న ఈ మూడు మెట్లే గృహస్థునికి నిజమైన రక్ష. రాజభటుని రాక ఒక్కొక్కప్పుడు తప్పకపోవచ్చును. కాని అతడు వచ్చినట్లును, ఎందుకు వచ్చెనో అదియును ఇంటివానికి తెలియకుండుట మాత్రము జరుగరాదు.

ఈ సూత్రమునకు గట్టి పరీక్ష 1762లో జరిగినది. ఆ యేడు నవంబరు 11న జాన్ ఎంటిక్ అను రచయిత ఇంటిలోనికి రాజదూతలు నలుగురు ప్రవేశించిరి. ప్రభుత్వమును విమర్శించు పత్రికతో ఆయనకు సంబంధము కలదని వారి అభియోగము. మంత్రియైన హాలిఫాక్సు ప్రభువు ఇచ్చిన ఆజ్ఞాపత్రము వారిచేత నుండెను. నాలుగు గంటలసేపు పెట్టెలును సొరుగులును తెరచి వెదకి, కాగితములను తీసికొనిపోయిరి. ఎంటిక్ వారిపై వ్యాజ్యము వేసెను. జ్యూరీవారు 300 పౌనుల పరిహారము నిర్ణయించిరి. 1765లో ప్రధాన న్యాయమూర్తి కామ్డెన్ ప్రభువు, మంత్రికి ఇట్టి అధికారము నిచ్చు శాసనమేదియు లేదు గనుక ఆ సోదా అక్రమమని తీర్పు చెప్పెను. రాజ్యక్షేమమునకు అవసరమన్న ఒక్క మాట చాలదు. చట్టమును చూపవలెనని దీని భావము.

కాని కామ్డెన్ ప్రభువు ఆ తీర్పులోనే మరియొక సంగతియు చెప్పియున్నాడు. ఇంగ్లండు ధర్మము ప్రకారము కన్నునకు అతిక్రమణ దోషము అంటదట. అనగా కాలు గడప దాటినచో తప్పు. చేయి కాగితమును తీసినచో తప్పు. చూపు మాత్రము ఎంత దూరము పోయినను తప్పు కాదు. ఆ కాలమున ఈ మాటవలన పెద్ద ప్రమాదమేమియు లేదు. ఏలయనగా ఇంటిలోపలిది చూడవలెనన్న, కన్నుతోపాటు కాలును లోపలికి రావలసియుండెను. కాలు లేకయే కన్ను రాగల దినము ఒకటి వచ్చునని ఆనాడు ఎవరు ఊహింపగలరు?

అట్లాంటిక్ సముద్రమునకు ఆవల బోస్టను నగరమున ఇట్టి వాదమే అప్పటికి చెలరేగియుండెను. అక్రమముగా దిగుమతియైన సరకులను పట్టుకొను నెపమున సుంకాధికారులు ఏ ఇంటికైనను చెల్లునట్టి సోదాపత్రములు చేతబట్టుకొని తిరుగుచుండిరి. 1761లో జేమ్స్ ఓటిస్ అను న్యాయవాది వానిని ఎదిరించి వాదించి, ఓడిపోయెను. ఓడిన యా వాదమే తరువాతి కాలమున ఫలించినది. 1791లో అమెరికా రాజ్యాంగమునకు చేరిన నాలుగవ సవరణ, సోదాపత్రమునకు తగిన కారణమును, ప్రమాణపూర్వకమైన ఆధారమును ఉండవలెననియు, వెదకవలసిన చోటును, పట్టుకొనవలసిన వస్తువును అందు స్పష్టముగా పేర్కొనవలెననియు శాసించినది. పని చెప్పి రావలెనను పాత మర్యాద ఈ విధముగా రాజ్యాంగ సూత్రమైనది.

అయినను కన్ను సంగతి తేలలేదు. 1890లో శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను ఇద్దరు న్యాయవాదులు హార్వర్డు న్యాయపత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. క్షణములో బొమ్మ తీయు కెమెరాలు వచ్చినవి. పత్రికలు పరుల ఇంటి ముచ్చటలను వీధిన పెట్టుచున్నవి. కావున మనుష్యుని ఏకాంతమును కాపాడుటకు ధర్మశాస్త్రము పూనుకొనవలెనని వారి వాదము. 1967లో అమెరికా సుప్రీం కోర్టు మరియొక మెట్టెక్కినది. వీధిలోని టెలిఫోను గది వెలుపల యంత్రము నమర్చి పోలీసు అధికారులు ఒకని సంభాషణను వినిన కేసు అది. వారు గది గోడను తొలువలేదు, లోపల అడుగు పెట్టలేదు. అయినను అది సోదాయే యని కోర్టు నిర్ణయించినది. రాజ్యాంగ రక్షణ మనుష్యులకు గాని చోట్లకు కాదని ఆ తీర్పు సారాంశము.

దానికి అయిదేండ్లు ముందే మన దేశమున ఈ ప్రశ్న ఒక తెలుగు న్యాయమూర్తి యెదుటికి వచ్చినది. ఉత్తర ప్రదేశమునకు చెందిన ఖరక్ సింగు 1941లో ఒక దోపిడి కేసులో చిక్కి, సాక్ష్యము లేనందున విడుదలయ్యెను. అయినను పోలీసువారు ఆయన పేర చరిత్రపత్రము తెరచిరి. చౌకీదారులును కానిస్టేబుళ్లును రాత్రివేళ వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి, నిద్ర లేపుచుండిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది ఇట్టి నిఘాకు ఆధారము. అందు పెక్కు అంశములుండెను: ఇంటిని చాటుగా కావలి కాయుట ఒకటి, రాత్రులందు ఇంటికి పోయి చూచుట ఒకటి, రాకపోకలను కనిపెట్టి వ్రాయుట మరియొకటి.

1962 డిసెంబరు 18న సుప్రీం కోర్టు న్యాయమూర్తులు ఆరుగురు తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంటిమీదికి పోవుట చెల్లదని అందరును ఏకీభవించిరి. కాని వెలుపల నిలిచి ఇంటిని కనిపెట్టుచుండుటవలన ప్రాథమిక హక్కులకు భంగము లేదని నలుగురు తలచిరి. కామ్డెన్ ప్రభువు విడిచిన కన్ను ఇచ్చటను తప్పించుకొనినది. జస్టిస్ కోకా సుబ్బారావుగారును జస్టిస్ షాగారును మాత్రము ఇందుకు సమ్మతింపలేదు. సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించినవారు. 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1966లో భారతదేశ ప్రధాన న్యాయమూర్తి యైనవారు. మనుష్యుని కాళ్లకు అడ్డులేకపోయినంత మాత్రమున అతడు స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదనియు, తనను ఒకరు సదా కనిపెట్టుచున్నారన్న తలంపే మనస్సునకు సంకెల యగుననియు ఆయన భావించిరి. కావున 236వ నిబంధన యావత్తును రాజ్యాంగ విరుద్ధమనిరి. ఆనాడది తక్కువమంది మాట. సుమారు 55 ఏండ్లకు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించి, సుబ్బారావుగారి పక్షమే సరియైనదని అంగీకరించిరి.

సుబ్బారావుగారు పలికిన కాలమున కావలి కాయుటకు ఒక మనిషి కావలెను. అతనికి జీతమీయవలెను, అతనికి నిద్ర వచ్చును, వాన కురిసిన చూరు క్రిందికి పోవును. అందరి ఇండ్లను కాయుటకు ఏ రాజ్యమునకును మనుష్యులు చాలరు. అనగా చట్టము చేయని రక్షణను కొంతవరకు ఖర్చు చేయుచుండెను. ఆ ఖర్చు తగ్గుటకు నాంది ఆ దశాబ్దమందే జరిగినది.

న్యూయార్కు నగరమున క్వీన్సు ప్రాంతములో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు నివసించుచుండెను. ఆమెయు, ఎలక్ట్రానిక్సు పని తెలిసిన ఆమె భర్తయు వేళగాని వేళల పని చేసి వచ్చువారు. నేరములు హెచ్చిన పేట అది. పిలిచినను పోలీసులు వేళకు రారు. అందుచే ఆ దంపతులు తలుపునకు నాలుగు రంధ్రములుంచి, వాని వెనుక పైకిని క్రిందికిని కదలు కెమెరా నమర్చి, వచ్చినవాని బొమ్మ పడకగదిలోని తెరపై కనబడునట్లు చేసిరి. లోపలినుండియే మాటలాడవచ్చును, మీట నొక్కి తలుపు తీయవచ్చును, ఆపద యని తోచినచో మరియొక మీటతో సహాయమునకు హెచ్చరిక పంపవచ్చును. 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబరు 2న దీనికి పేటెంటు లభించినది. ఈ యంత్రమున మనము గమనింపవలసినది ఒక్కటి. మీటలన్నియు ఇంటి ఇల్లాలి చేతిలో నున్నవి. పోలీసువారిని పిలుచునది ఆమె. ఆమె పిలువనిదే వారు ఏమియు చూడజాలరు.

ఇక మన కాలమునకు వత్తము. 2013లో జేమీ సిమినాఫ్ అను అమెరికా వ్యాపారి తలుపుగంటలో కెమెరా నమర్చి అమ్మసాగెను. తరువాత దానికి రింగ్ అని పేరు పెట్టెను. 2018లో అమెజాన్ సంస్థ దీనిని కొనినది. బ్రౌన్ దంపతుల యంత్రమునకును దీనికిని గల భేదము బొమ్మ స్పష్టతలో లేదు. బొమ్మ దాగు చోటులో కలదు. అచట బొమ్మ పడకగది తెరపై మెరసి మాయమగును. ఇచట అది ఇంటినుండి బయలుదేరి, సంస్థవారి దూరపు కొట్లలో నిలువయుండును. ఇంటి కన్ను ఇంటిలో లేదు. దాని తాళపుచెవి ఒకటి గృహస్థుని చేతిలోను, మరియొకటి సంస్థ చేతిలోను ఉన్నవి.

ఆ సంస్థ పోలీసు శాఖలతో ఒడంబడికలు చేసికొనినది. 2019 ఆగస్టు నాటికి అట్టి శాఖలు 400కు పైగా నుండెను. 2022 నాటికి 2000 దాటినవి. పోలీసు ఉద్యోగి తనకు కావలసిన ప్రాంతమును, వేళను సూచించినచో, ఆ ప్రాంతమునందలి గృహస్థులకు సంస్థ ద్వారా విన్నపము పోవును. ఇచ్చుటయు మానుటయు వారి ఇష్టము. న్యాయాధిపతి సంతకముతో పనిలేదు. ఒకసారి చేతికి వచ్చిన చిత్రమును పోలీసువారు ఎంతకాలమైనను ఉంచుకొనవచ్చుననియు, ఇతరులకును ఈయవచ్చుననియు 2019లో ఒక సెనేటరు ప్రశ్నకు సంస్థవారే బదులిచ్చిరి. 2021లో ఈ విన్నపములను అందరికి కనబడునట్లు బహిరంగముగా చేయవలెనని నియమము పెట్టిరి. 2022 జూలైలో మరియొక సంగతి బయటపడినది. ఆ యేడు అప్పటికి 11 పర్యాయములు, ప్రాణాపాయ సందర్భమని చెప్పి, ఇంటివారి సమ్మతి లేకయే పోలీసువారికి చిత్రములిచ్చినట్లు సంస్థ ఒప్పుకొనినది. 2023లో, సంస్థ ఉద్యోగులే ఇండ్లలోని చిత్రములను చూచిరన్న అభియోగముపై 58 లక్షల డాలర్లు చెల్లించుటకు ప్రభుత్వ వాణిజ్య సంఘముతో రాజీకి వచ్చినది. 2024 జనవరిలో పోలీసు విన్నపముల పద్ధతిని సంస్థ ఎత్తివేసినది. కాని 2025లో పోలీసు పరికరముల నమ్ము మరియొక సంస్థతో కూడి ఆ పద్ధతిని క్రొత్త రూపమున తిరిగి తెచ్చినది.

ఈ విషయమున ఒహాయో రాష్ట్రమందలి ఒక గృహస్థుని అనుభవము 2023లో పత్రికలకెక్కినది. పొరుగువానిపై విచారణ జరుపుచు పోలీసువారు ఆయన తలుపుగంట చిత్రమును కోరిరి. ఆయన సంతోషముగా ఇచ్చెను. మరికొంత కోరిరి, మరికొంత ఇచ్చెను. కొన్నాళ్లకు సంస్థనుండి ఆయనకు ఒక తాఖీదు వచ్చినది. ఆయనకు చెందిన ఇరువదికి పైగా కెమెరాల చిత్రముల నిమ్మని న్యాయస్థానపు ఉత్తరువు సంస్థకు చేరినదట. అందు ఇంటిలోపలి కెమెరాయు, దుకాణములోని కెమెరాలును ఉన్నవి. నేరమేమో పొరుగువానిది, సోదా తన ఇంటిది. ఉత్తరువు సక్రమమైనదే కావచ్చును. న్యాయాధిపతి సంతకమును ఉన్నది. కాని దానిని చూపి తలుపు తట్టినది ఆయన గడపవద్ద కాదు; సంస్థవారి కార్యాలయమువద్ద. ఎందుకు, ఎంతమేరకు అని అడుగుటకు ఆయన అచట లేడు.

మన తెలుగు నాట సంగతి ఎట్లున్నది? 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరులో బాంబులు ప్రేలి జనము చనిపోయిరి. ఆ సంవత్సరమందే ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ ప్రజాభద్రతను గూర్చి ఒక చట్టము చేసినది. జనము పెద్దసంఖ్యలో కూడు సంస్థలు కెమెరాలు పెట్టవలెను. చిత్రములను 30 దినములు నిలువయుంచవలెను. పోలీసు ఇన్‌స్పెక్టరు కోరినప్పుడు ఈయవలెను. ఒంటి ఇండ్లకు ఈ నిర్బంధము లేదు. ఇండ్లవారిని పోలీసువారు చట్టముతో కాక ప్రోత్సాహముతో కూడగట్టిరి. "నేను సైతం" అను కార్యక్రమము క్రింద హైదరాబాదు కాలనీలవారు చందాలు వేసికొని వీధులలో కెమెరాలు పెట్టించిరి. 2022 ఆగస్టు 4న బంజారా హిల్సులో పోలీసు సమీకృత నియంత్రణ కేంద్రము ప్రారంభమైనది. నగరమందలి వేలకొలది కెమెరాల దృశ్యములు అచటికి చేరునట్లు ఏర్పాటు చేసిరి.

విచారణకు కావలసిన చిత్రమును కోరుటకు మన చట్టమున ఒక మార్గము కలదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షను ప్రకారము పోలీసు స్టేషను అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువుతో ఇట్టి సాక్ష్యమును తెప్పించుకొనవచ్చును. న్యాయాధిపతి అనుమతి ఇందు అవసరము లేదు, అది కొరతయే. అయినను వ్రాత యన్నది ఒకటి యున్నది. ఏ పనిమీద, ఏనాటి, ఏ వేళ చిత్రమును అడిగిరో ఆ కాగితమే చెప్పును. కాని ఇంటివారు మొగమాటమునకో, భయమునకో, స్నేహమునకో ఫోనులో చిత్రమును పంపివేసినప్పుడు ఆ కాగితము పుట్టదు. అడిగినవారెవరో, ఇచ్చినదెంతయో, అది పిమ్మట ఎవరెవరి చేతులు మారినదో చెప్పు ఆధారమే మిగులదు.

కెమెరాల వలన మేలు లేదని మేము చెప్పుటలేదు. తప్పిపోయిన పిల్లలు దొరకుటకు, మనిషిని ఢీకొట్టి పారిపోయిన బండిని పట్టుకొనుటకు, మెడలో గొలుసు త్రెంపుకొని పోయినవాని జాడ తెలియుటకు ఇవి తోడ్పడుచున్నవి. పోలీసువారిలో ఎక్కువమంది ఆ పనికే వీనిని కోరుదురు. నేరము జరిగిన నాడు చిత్రమిచ్చుట పౌరధర్మమే. కాని మంచి పనికి వచ్చిన యధికారము మంచి పనివద్దనే ఆగిపోవునని చరిత్ర ఎచ్చటను చెప్పలేదు. హాలిఫాక్సు ప్రభువు దూతలును రాజ్యక్షేమము పేరనే వచ్చిరి. ఖరక్ సింగు తలుపు తట్టినవారును నేరముల నివారించుటకే వచ్చితిమనిరి.

ఇందు మరియొక చిక్కు కలదు. పాత చట్టములు ఇంటిని వీధి చూపునుండి కాపాడుటకు పుట్టినవి. ఈ కెమెరా ఇంటినుండి వీధిని చూచును. ఎదుటి ఇంటి ముంగిట ముగ్గు పెట్టు ఇల్లాలు, పాలు పోయువాడు, పాచిపనికి వచ్చు మనిషి, పొరుగింటికి వచ్చిన చుట్టము, ఊరేగింపులో నడచిన విద్యార్థి, అందరును అందులో పడుదురు. చిత్రమిచ్చుటకు సమ్మతించునది ఇంటి యజమాని ఒక్కడే. తక్కినవారిని ఎవరును అడుగరు. తాము అందున్నట్లు వారికి తెలియనైనను తెలియదు. కావున గృహస్థుని సమ్మతి ఒక్కటియే ఈ వ్యవహారమునకు చాలదు. అతడు తన తలుపు తీయగలడు గాని పొరుగువారి తలుపు తీయుటకు అతనికి హక్కెక్కడిది? గోపునికి చెప్పక తప్పని నాటి గృహస్థునికిని, అడిగినంతనే ఇచ్చివేయు నేటి గృహస్థునికిని నడుమ ఎంత దూరమున్నదో మనము ఆలోచించుకొనవలెను.

మరి చేయవలసినదేమి? 1604 నాటి మూడు మెట్లే నేటికిని సరిపోవునని మా అభిప్రాయము. పిలుచుట: పోలీసువారు చిత్రమును కోరినట్లు గృహస్థునికి తెలియవలెను, సంస్థనుండి తీసికొన్నచో ఆ సంగతియు అతనికి చేరవలెను. పని చెప్పుట: ఏ కేసు, ఏ దినము, ఏ వేళ యని వ్రాసి యీయవలెను, కోరినది ఆ మేరకే యుండవలెను, పని తీరిన పిమ్మట మిగిలిన చిత్రము చెరిపివేయబడవలెను. నిలుచుట: ప్రాణాపాయము లేనప్పుడు, ముఖ్యముగా ఇంటిలోపలి చిత్రమునకు, న్యాయాధిపతి ఉత్తరువు వచ్చువరకు ఆగవలెను. గృహస్థుడు చేయవలసినదియు కొంత కలదు. కెమెరా ముఖమును తన వాకిటివైపు త్రిప్పి, ఎదుటివారి కిటికీలను తప్పించుట. చిత్రమును తన ఇంటిలోనే నిలువయుంచు యంత్రమును ఎన్నుకొనుట. అడిగినవారిని కాగితము కోరుట. ఇవి ఏవియు పోలీసు పనికి అడ్డురావు.

అధికారి మన గుమ్మములోనికి వచ్చుట తప్పని దినములుండును. అట్టి దినమున తలుపు తీయవలదని ఎవరును అనరు. తట్టి రమ్మని మాత్రమే మనము కోరుచున్నాము.